సవతి కారు

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆవిడ పెరటి షెడ్డులోకి వెళ్లేసరికి మాస్టారు అప్పటికే కుర్చీ వేసుకుని, ఎడంచేత్తో కారు తలుపు తుడుస్తున్నారు. కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది.

"తుడిచిందే తుడుస్తున్నారు. రంగు ఊడి చేతికొస్తుంది చూడండి," అంది ఆవిడ.

"చూడ్డానికి... వస్తున్నారుగా," అన్నారాయన. పక్షవాతం నుంచి కోలుకున్నాక మాట మధ్యమధ్యలో ఆగుతోంది. "మాసిన మొహంతో పంపిస్తామా?"

ఆవిడ గ్లాసు ఆయన ఎడంచేతికి అందించి అక్కడే నిలబడింది. గుండ్రటి దీపాలు, మీగడ రంగు ఒళ్లు, ముదురాకుపచ్చ టాపు. కూతురు పుట్టకముందు తుక్కు కొట్టులోంచి తాళ్లు కట్టి లాక్కొచ్చిన బండి అది. స్కూల్లో డ్రాయింగు చెప్పే మనిషి, ఎక్కడా దొరకని భాగాల్ని కాయితం మీద గీసి, లేతు మిషను షాపులో చేయించి, ఒక్కొక్కటే బిగించారు. సెలవంటే ఆయన కాళ్లు కారు కింద నుంచి బయటికి కనిపించాల్సిందే. "నా సవతికి స్నానమైందా? ఇక ఈ ఇంటి మనిషికి కూరలు తెచ్చిపెడతారా?" అని ఆవిడ గుమ్మంలోంచి కేకేసేది. ఆ మాటకి ఇల్లంతా నవ్వేది.

ఇప్పుడు నవ్వడానికేమీ లేదు. ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పేశాడు. పడకగది మేడమీద. మెట్లెక్కుతూ ఆయన రెండుసార్లు జారారు. రెండోసారి పట్టుకున్నది కూతురే. ఆ రోజు నుంచి ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు. షెడ్డు కూల్చి, కిందే నాన్నకి ఒక గది కట్టాలని పట్టుబట్టింది. కారు కొనే మనిషినీ తనే వెతికింది. మాస్టారు "సరే" అన్నారు. ఆ ఒక్క మాటే. తరవాత ఆ ఊసే ఎత్తలేదు. ముద్ద మాత్రం సరిగ్గా దిగడం లేదు.

కూతురు హడావుడిగా షెడ్డులోకి వచ్చింది. "వీధి చివరికొచ్చేశారట. నాన్నా, నువ్వు లోపలికెళ్లి కూర్చోకూడదూ? ఎందుకు చూస్తూ బాధపడటం?"

"ఉండనీ," అన్నారు మాస్టారు.

వచ్చినాయన గుబురు మీసాల పెద్దమనిషి. పాత కార్లంటే ప్రాణం పెట్టేవాడని ఆయన నడకలోనే తెలిసింది. గుమ్మంలోనే చెప్పులు విడిచి, కారు చుట్టూ మెల్లగా తిరిగి, కిందికి వంగి చూశాడు. లేచేటప్పటికి ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"మాస్టారూ, ఇది చేతులతో చేసిన పని కాదండీ. తపస్సు!"

మాస్టారు తల వంచుకున్నారు. తరవాత నెమ్మదిగా అడిగారు. "పొద్దున చల్లగా ఉంటే... ఒక పట్టాన లేవదు. తొందరపెట్టకండి. రోజూ కొంచెం తిప్పుతారుగా?"

"తిప్పడమా!" పెద్దమనిషి నొచ్చుకున్నట్టు చూశాడు. "నా దగ్గరికొచ్చిన బండి మళ్లీ దుమ్ము మొహం చూడదండీ. పెద్ద హాలు కట్టించాను. పెట్రోలు తీసేసి, అద్దాల మధ్య పెడతాను. మహారాణిలా ఉంటుంది. ఇక రోడ్డెక్కే పని లేదు."

మాస్టారి ఎడంచెయ్యి కారు తలుపు మీద ఆగిపోయింది.

"అయితే ఇవ్వం," అంది ఆవిడ.

అందరూ తిరిగి చూశారు. కూతురు తెల్లబోయింది. "అమ్మా! నిన్నటిదాకా నువ్వూ సరేనన్నావుగా?"

"ఎవరో ఒకరు నడుపుతారనుకుని అన్నాను. ఎక్కడో ఒకచోట తిరుగుతూ ఉంటుందనుకున్నాను."

"ఇక్కడుంటే మాత్రం ఎవరు నడుపుతారు? నాన్నకి కాలు రాదు. నాకు స్కూటరు తప్ప రాదు. దీన్ని చూస్తూ కూర్చుందామా? నాన్న మెట్లమీద మళ్లీ పడితే నేనేమైపోవాలి?" కూతురు తల్లి ముందుకొచ్చి నిలబడింది. "జీవితమంతా సవతి, సవతి అని దెప్పావు. తీరా వదిలిపోతుంటే అడ్డుపడతావేంటమ్మా?"

"సవతి అని ఎందుకన్నానో నీకు తెలుసా?" ఆవిడ కూతురి వైపు తిరిగింది. "ఈయన దాన్ని చూసుకుంటున్నందుకని మీరంతా అనుకున్నారు. అది నాకు దక్కలేదని అన్నానే! పెళ్లికి ముందు మా నాన్న వ్యాను నేనే నడిపేదాన్ని. పాలడబ్బాలు ఎక్కించుకుని, తెల్లారేసరికి రెండూళ్లు తిరిగొచ్చేదాన్ని. ఈ బండి మొదటిసారి స్టార్టయిన రోజున కొంగు దోపుకుని వెళ్లి తలుపు తీశాను. 'సున్నితమైన బండి, నువ్వు తాకకు' అన్నారు మీ నాన్న. అంతే. వెనక సీట్లో కూర్చున్నాను. మరి ముందుకు రాలేదు."

మాస్టారు ఆవిడ వంకే చూస్తున్నారు. "నువ్వు... అడగలేదు."

"మీరు అడుగుతారని చూశానండీ. గడువు తీరినప్పుడల్లా వెళ్లి లైసెన్సు కొత్తది చేయించుకుంటూనే ఉన్నాను. ఎప్పుడైనా చెయ్యి నొప్పి పుట్టి, 'కాసేపు నువ్వు పట్టు' అంటారేమోనని." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తీరా చెయ్యి పడిపోయాక కూడా ఎవరికీ నేను గుర్తుకు రాలేదు."

పెద్దమనిషి మీసం సవరించుకుంటూ నేలచూపులు చూశాడు.

మాస్టారు కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయి తూలారు. కూతురు పరిగెత్తి భుజం ఇచ్చింది. ఆయన జేబులోంచి తాళం తీసి భార్య చేతిలో పెట్టారు. ఏదో చెప్పబోయారు. నాలుక తడబడింది. మళ్లీ ప్రయత్నించారు.

"నన్ను... పక్కన... కూర్చోపెట్టుకుంటావా?"

ఆవిడ తాళం గట్టిగా పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. "బెల్టు నేను పెడతాను. ఊరికే సలహాలు చెప్పకూడదు మరి!"

పెద్దమనిషి ముందుకొచ్చి, మాస్టారిని ముందు సీట్లో కూర్చోబెట్టడానికి సాయం పట్టాడు. "అమ్మా, నేను ఈ బండి కొనడానికి వచ్చాను. ఇప్పుడు అడగాలన్నా సిగ్గేస్తోంది. ఒక్కసారి ఇది కదలడం చూసి వెళ్లిపోతాను," అన్నాడు.

మొదటిసారి ఇంజను దగ్గి ఊరుకుంది. రెండోసారీ అంతే. మాస్టారి పెదాలు కదిలాయి కానీ మాట బయటికి రానివ్వలేదు. మూడోసారి బండి ఒళ్లంతా వణికి, గురగురమంటూ లేచింది. గేరు పడేటప్పుడు కీచుమంది. ఆయన ముఖం చిట్లించారు.

"నొప్పి మీకా, దానికా?" అంది ఆవిడ.

"ఇద్దరికీ," అన్నారాయన.

వెనక సీట్లోకి ఎక్కిన కూతురు ఫక్కున నవ్వి, ముందుకు వంగి అంది: "అమ్మా, ముందుగదిలో సోఫాలు మేడమీదికి పంపిస్తే నాన్న మంచం పడుతుందంటావా? మెట్లకింద బాత్రూము ఎలాగూ ఉంది."

"నేనా మాట చెబితే విన్నావా? గది కడతానని కొలతలు తీసుకుంటూ కూర్చున్నావు."

"ఇప్పుడు వింటున్నానుగా!"

కారు గేటు దాటి వీధిలోకి వచ్చింది. మలుపులో ఒకసారి ఆగిపోయింది. వెనకున్న ఆటో హారను మోగించింది. ఆవిడ కంగారుపడలేదు. మళ్లీ స్టార్టు చేసి, అద్దంలో వెనక్కి చూసి, స్టీరింగు తిప్పింది. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు గాలికి లేచాయి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద పాలవ్యాను తోలిన పిల్ల ఎలా ఉండేదో మాస్టారికి కనిపించింది. ఇన్నేళ్లూ ఆయన రోడ్డు చూస్తూ నడిపారు. ఈ ముఖం ఎప్పుడూ చూడలేదు. కళ్లలో నీళ్లు నిండి ముందున్న దారి మసకబారింది. తుడుచుకోబోతే ఎడంచెయ్యి వదల్లేదు. అది ఎప్పుడు వెళ్లి ఆవిడ చీర చెంగు పట్టుకుందో ఆయనకే తెలీదు.

చెరుకురసం బండి దగ్గర ఇంటికి తిరిగే సందు వచ్చింది. ఆవిడ వేగం తగ్గించి ఆయన వంక చూసింది.

"తిప్పమంటారా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"పోనీ... నీ ఇష్టం వచ్చినంత దూరం పోనీ."