రెండు ఎఫ్‌లు

టాన్సీ మోకాళ్ళ మీద కూర్చుని, గ్రిల్ లోపలికి సగం దూరి, నిప్పుల గిన్నెలోని బూడిదని వాక్యూమ్ గొట్టంతో లాగుతోంది. శనివారం పొద్దున అది ఆమె పని. ముక్కులోకి బూడిద పోయి వరసగా రెండు తుమ్ములు తుమ్మింది.

"పనిచెయ్యని గ్రిల్‌ని కడిగి ఏం చేస్తావే?" అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"కంట్రోలర్ ఒక్కటే పోయింది. గ్రిల్ బాగానే ఉంది."

"ఏం బాగు? ఒక చక్రం ఊడింది. మూత వంకర పోయింది. నీకంటే ఆరేళ్ళు పెద్దది అది! రేపటి విందుకి మామయ్య తన కొత్త గ్రిల్ తెస్తానన్నాడు. ఫోన్లోంచే నడపొచ్చట. తాతయ్య హాయిగా కుర్చీలో కూర్చుని తింటాడు."

తాతయ్య పక్కనే కుర్చీలో ఉన్నాడు.  వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, గ్రిల్ వైపు చూస్తున్నాడు.

టాన్సీకి ఒళ్ళు మండిపోయింది. తాతయ్య వింటున్నాడని అమ్మకి తెలియదా?

ఏటా సెప్టెంబర్‌లో ఊరి ఫైర్ స్టేషన్లో విందు జరుగుతుంది. మంటలార్పే వాళ్ళందరికీ పక్కటెముకల మాంసం కాల్చి పెట్టేది తాతయ్యే. ఒకప్పుడు ఆయనా ఫైరింజన్లో వెళ్ళి మంటలార్పినవాడే. ఈ వేసవికి ముందు ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు బాగైంది కానీ కుడిచెయ్యి కుదురుగా నిలవదు. "ఈసారికి విశ్రాంతి తీసుకో, ఆరిన్," అన్నారు అందరూ. ఆయన ఒకటే మాట చెప్పాడు. "టాన్సీ ఉందిగా. మేమిద్దరం చేస్తాం."

ఆ మాటన్న వారానికే కంట్రోలర్ పోయింది.

కంట్రోలర్ అంటే గ్రిల్ పక్కన ఉండే చిన్న పెట్టె. చెక్క గుళికలు ఎప్పుడు వెయ్యాలో, నిప్పు ఎప్పుడు అంటించాలో, ఫ్యాన్ ఎంత గాలి కొట్టాలో అదే చెబుతుంది. అది లేకపోతే గ్రిల్ ఉత్త ఇనప డబ్బా.

నిన్న సాయంత్రమే నోరా ప్రూయిట్ గారి కొట్లో కొత్తది కొన్నారు. కొట్లో ఆ ఒక్కటే ఉంది. "పాతది విప్పే ముందు ప్రతి తీగకీ పేరు రాసి అతికించు అమ్మాయ్," అని ఆవిడ చెప్పింది. "నాకు తెలుసండీ," అంది టాన్సీ.

బూడిద తియ్యడం అయ్యింది. తాతయ్య గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకాడు. ఎడమచేత్తో టార్చి పట్టుకున్నాడు. టాన్సీ మరలు విప్పి పాత కంట్రోలర్‌ని బయటికి లాగింది.

తీగల రంగులు ఎప్పుడో పోయాయి. పొగకీ జిడ్డుకీ అన్నీ ఒకే గోధుమరంగులోకి తిరిగాయి. వాటి చివరలున్న ప్లగ్గులన్నీ కూడా ఒకేలా ఉన్నాయి.

"ఒక్కొక్కటీ ఎక్కడికి పోతోందో చూసి రాయి," అన్నాడు తాతయ్య.

టాన్సీ నీలం టేపుని చిన్న చిన్న ముక్కలుగా చింపింది. గుళికల్ని నెట్టే మోటారు తీగ మీద 'ఎమ్' అని రాసింది. ఫ్యాన్ తీగ మీద 'ఎఫ్' అని రాసింది. నిప్పంటించే కడ్డీకి కంపెనీవాళ్ళు ఏదో పెద్ద పేరు పెట్టారు కానీ, తాతయ్య దాన్ని ఫైర్ రాడ్ అనే అంటాడు. దాని తీగ మీద కూడా 'ఎఫ్' అని రాసింది.

"పేరు పూర్తిగా రాయొచ్చుగా, తల్లీ?"

"టేపు చిన్నది తాతయ్యా. నాకు తెలుసుగా!"

కొత్త కంట్రోలర్ తీగల మీద పేర్లు అచ్చువేసి ఉన్నాయి. టాన్సీ టకటకా ప్లగ్గులు కలిపేసింది. మరలు బిగించింది. తాతయ్య స్విచ్ వేశాడు.

ఫ్యాన్ గుయ్యిమంది. గుళికలు గిన్నెలో టపటపా పడ్డాయి. కాసేపటికి మంట లేచింది.

"అమ్మా! చూడు!" అని టాన్సీ గంతులేసింది.

అమ్మ బయటికి వచ్చేసరికి ఐదు నిమిషాలయ్యింది. అప్పటికి మంట లేదు. మూత సందుల్లోంచి తెల్లటి పొగ దట్టంగా వస్తోంది. కంట్రోలర్ మీద అంకెలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి.

గిన్నె తుడిచి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అంతే. ఐదు నిమిషాలు మంట, ఆ తర్వాత పొగ.

"చెప్పానా?" అంది అమ్మ దగ్గుతూ. "మామయ్యకి ఫోన్ చేస్తాను."

"వద్దు! ఇది గ్రిల్ తప్పు కాదు! ఆ కొట్టావిడ మనకి పాడైంది అంటగట్టింది!"

"కాస్త నెమ్మదిగా చూద్దాం..." అని తాతయ్య అంటూనే ఉన్నాడు. టాన్సీ అప్పటికే ప్లగ్గు పీకి, మరలు విప్పి, కంట్రోలర్‌ని అట్టపెట్టెలో పడేసింది. సైకిలెక్కి వెళ్ళిపోయింది.

శనివారం ప్రూయిట్ గారి కొట్టు సంతలా ఉంటుంది. కోళ్ళ దాణాకి వచ్చేవాళ్ళు, మేకులకి వచ్చేవాళ్ళు, ఊరికే కబుర్లకి వచ్చేవాళ్ళు. కొట్టు ముందు తన సొంత గ్రిల్ పెట్టి, ఆవిడ వచ్చినవాళ్ళందరికీ సాసేజ్‌లు కాల్చి రొట్టెలో పెట్టి ఇస్తుంది.

టాన్సీ జనాన్ని తోసుకుంటూ లోపలికెళ్ళి, అట్టపెట్టెని బల్ల మీద ధబ్బున పెట్టింది.

"మీరు మాకు చచ్చిపోయిన కంట్రోలర్ అమ్మారు!"

కొట్లో అందరూ ఇటు తిరిగారు.

ప్రూయిట్ గారు కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఏమైంది అమ్మాయ్? తీగలు ఓసారి సరిచూసుకున్నావా?"

"నేను చిన్నపిల్లననేగా అలా అడుగుతున్నారు! పెద్దవాళ్ళయితే అడిగేవారా?"

"పెద్దవాళ్ళనైతే రెండుసార్లు అడుగుతాను," అందావిడ. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వుతో టాన్సీ మొహం జేవురించింది. "రేపు తాతయ్య వంట చెయ్యాలి! చెయ్యలేకపోతే అది మీ వల్లే! పాడైన సరుకు పెట్టుకుని పైగా మాదే తప్పంటారా? ఇక్కడ ఎవ్వరూ ఏమీ కొనకండి!"

వెండల్ అనే పెద్దాయన కొత్త గ్రిల్ బొమ్మలున్న కాగితం పట్టుకుని బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన కంట్రోలర్ వైపు చూశాడు, ప్రూయిట్ గారి వైపు చూశాడు. కాగితాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"నేను వేరే ఊళ్ళో చూసుకుంటాలే, నోరా," అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ప్రూయిట్ గారి మెడ ఎర్రబడింది. ఆవిడ ఎర్ర పెన్ను తీసి, అట్టపెట్టె మీద 'పాడైంది' అని పెద్దక్షరాలతో రాసి, అందరికీ కనబడేలా వెనక అరలో పెట్టింది.

"కొత్తవి బుధవారానికి గానీ రావు," అంది. "వంట రేపు కదూ?"

"రేపే."

ఆవిడ స్క్రూడ్రైవర్ తీసుకుని బయటికి నడిచింది. సగం కాలిన సాసేజ్‌లని పళ్ళెంలోకి తీసేసింది. గ్రిల్ ఆపి, ప్లగ్గు పీకి, దాని కంట్రోలర్ విప్పడం మొదలుపెట్టింది.

"అదేంటి నోరా, నా వంతు ఇప్పుడే వచ్చింది!" అని ఒకాయన గోలపెట్టాడు.

"రొట్టెకి ఆవాల సాస్ రాసుకు తిను. ఇవాళ్టికి అంతే," అని ఆవిడ కంట్రోలర్‌ని టాన్సీ చేతిలో పెట్టింది. "మీ తాతయ్యకి ఇవ్వు. మాది నిన్నటిదాకా... కాదు, ఇప్పటిదాకా బాగానే నడిచింది."

టాన్సీ థాంక్స్ చెప్పలేదు. తప్పు ఒప్పుకుంది కాబట్టే ఇచ్చింది, అనుకుంది. సైకిల్ తొక్కుతున్నంతసేపూ ఆ మాటే అనుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చి ఎమ్‌కి ఎమ్ కలిపింది. రెండు ఎఫ్‌లనీ ఇందాక పెట్టినట్టే పెట్టింది. మరలు బిగించింది. స్విచ్ వేసింది.

ఐదు నిమిషాలు మంట. ఆ తర్వాత పొగ.

టాన్సీ స్క్రూడ్రైవర్‌ని గడ్డిలోకి విసిరికొట్టింది. "ఇది కూడా పాడైందే! ఆవిడ మనల్ని ఆడిస్తోంది తాతయ్యా! ఊరందరికీ చెప్తాను!"

తాతయ్య వంగి స్క్రూడ్రైవర్ వెతికి తీశాడు. అందుకు ఆయనకి చాలాసేపు పట్టింది.

"ఈ పెట్టెతో ఆవిడ ఏం చేస్తోంది, నువ్వు వెళ్ళేసరికి?" అని అడిగాడు.

"సాసేజ్‌లు కాలుస్తోంది."

"కాలుతున్నాయా?"

టాన్సీ గ్రిల్ వైపు తిరిగింది.  సాసేజ్‌లు చిటపటలాడడం తను చెవులారా విన్నది. ఆ వాసనకి నోరూరింది కూడా.

"ఇంకోసారి పెడదాం," అన్నాడు తాతయ్య. "ఈసారి చూడకు. విను."

ఇద్దరూ గ్రిల్ పక్కన గడ్డిలో కూర్చున్నారు. ఫ్యాన్ గుయ్యిమంది. గుళికలు టపటపలాడాయి. మంట లేచిన చప్పుడు వినిపించింది. ఒక నిమిషం. రెండు. మూడు. నాలుగు.

గుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది.

"ఫ్యాన్ ఆగింది," అంది టాన్సీ.

"ఆగొచ్చా?"

"ఆగకూడదు. ఫ్యాన్ చివరిదాకా తిరగాలి. మంట లేచాక ఆగాల్సింది ఫైర్..."

మాట సగంలోనే ఆగింది.  ప్లగ్గు పీకి, కంట్రోలర్‌ని బయటికి లాగి, నీలం టేపు ముక్కలు రెంటినీ పక్కపక్కన పట్టుకుంది.

ఎఫ్. ఎఫ్.

తాతయ్య కూడా చూశాడు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. టార్చి మాత్రం ఇంకాస్త దగ్గరికి తెచ్చాడు.

టాన్సీ రెండు తీగల్నీ మార్చి పెట్టింది. స్విచ్ వేసింది. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. తెల్లపొగ పోయి, సన్నటి నీలిపొగ వచ్చింది. తాతయ్యకి నచ్చే పొగ అది. కంట్రోలర్ మీద అంకె పెట్టిన చోటుకొచ్చి నిలబడింది.

అమ్మ బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఓహో! ముసలి గ్రిల్‌కి ఇంకా ఓపికుందే!"

"ముసలిది అనకు," అన్నాడు తాతయ్య. ఆ రోజు మొత్తమ్మీద ఆయన గొంతు పెరిగింది ఆ ఒక్కసారే. "మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. ఆ ఫోన్ గ్రిల్ వాడింట్లోనే ఉంచుకోమను. రేపు మాంసం మేమే కాలుస్తున్నాం."

అమ్మ నవ్వి, ఫోన్ కోసం లోపలికి వెళ్ళింది. టాన్సీ ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళి కుళాయి కింద చేతులు పెట్టింది.

"అమ్మా. మొదటిది పాడవలేదు. నేనే తప్పు పెట్టాను. కొట్లో అందరి ముందూ అరిచాను. వెండల్ గారు గ్రిల్ కొనకుండా వెళ్ళిపోయారు. ఆవిడ దాని మీద 'పాడైంది' అని రాసి పెట్టింది."

అమ్మ ఫోన్ పక్కన పెట్టింది. "అయ్యో! సరేలే. కంపెనీవాళ్ళు ఎలాగూ ఆవిడకి కొత్తది పంపిస్తారు. సోమవారం నేను ఫోన్ చేసి మెల్లగా చెప్తాను. కావాలంటే నువ్వూ వద్దువుగాని. సోమవారమైతే కొట్లో ఎవరూ ఉండరు."

టాన్సీ చేతులు తుడుచుకుని మళ్ళీ బయటికి వెళ్ళింది. గ్రిల్ ఆపి, చల్లారేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత ప్లగ్గు పీకి, టేపు తీసుకుని పొడుగాటి ముక్కలు చింపింది. ఒకదాని మీద 'ఫ్యాన్' అనీ, ఇంకోదాని మీద 'ఫైర్ రాడ్' అనీ పూర్తిగా రాసి తీగలకి చుట్టింది. మరలు విప్పి ప్రూయిట్ గారి కంట్రోలర్‌ని బయటికి తీసింది. తమది ఇంకా కొట్లో వెనక అరలోనే ఉంది.

తాతయ్య మరలు దొర్లిపోకుండా ఎడమ అరచేతిలో పట్టుకున్నాడు.

"మళ్ళీ ఎందుకు విప్పావే? ఇప్పుడేగా బాగైంది!" అంది అమ్మ, కంట్రోలర్‌తో లోపలికి వచ్చిన టాన్సీని చూసి. "ఎక్కడికి? ఇప్పుడు వెళ్ళకు, పిచ్చిపిల్లా! శనివారం సాయంత్రం, ఊరంతా అక్కడే ఉంటుంది!"

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. కొట్టు ఐదింటికి మూస్తారు.

టాన్సీ బూట్లు వేసుకుంది. లేసులు రెండూ ముడి వేసింది. కంట్రోలర్‌ని రెండు చేతులతో పట్టుకుని, భుజంతో తలుపు తోసుకుని, కొట్టుకి బయల్దేరింది.