గేటు బయట పెట్టె

తెల్లారేసరికి పాలు పొయ్యి మీద పెట్టే గౌరీశ్వరి, ఆ రోజు స్టవ్వు కూడా వెలిగించకుండా వరండాలో మొగుడి మిలటరీ పెట్టె మీద కూర్చుంది. నల్ల రేకుపెట్టె. మూత మీద తెల్లరంగుతో హవల్దార్ తవిటయ్య పేరు, నంబరు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పదకొండు గంటల రైలుకి కూతురు సత్యశ్రీ మిలటరీ నర్సుగా చేరడానికి వెళ్లాలి, ఆ పెట్టెతోనే.

సింహాచలం కొండ మీదికి మబ్బు దిగింది. వీధిలో ఆకు కదలడం లేదు. అమ్మ ఏడిస్తే ఓదార్చొచ్చు, ఇలా పెట్టె వదలకుండా కూర్చుంటేనే సత్యశ్రీకి భయం.

"అమ్మా, లెగు. టైమైపోతంది."

"నువ్వెల్లు. పెట్టె ఎల్లదు."

"నాన్న నాకే ఇచ్చాడు కదా! ఆస్పత్రిలో నీ ముందే సెప్పాడు."

"ఆయనకేటి, సెప్పీసి ఎలిపోయాడు."

సెలవుకొస్తే అంట్లు కూడా తోమే మనిషి తవిటయ్య. వీధివాళ్లు నవ్వితే మీసం మెలేసి ఇంకో గిన్నె అందుకునేవాడు. ఆయనది ఒకటే చాదస్తం. పెట్టె గేటు బయటే దించి, ముందు తను లోపలికొచ్చి, "నానొచ్చీసాను గౌరీ" అనేవాడు. ఆవిడ ఆయన చెయ్యి తాకి చూసుకునేది. తర్వాతే పెట్టె లోపలికి. సత్యశ్రీ పడీపడీ నవ్వేది.

ఇప్పుడు విసుగ్గా పెట్టె పిడి పట్టి లాగింది. తల్లి ఆ చేతిని విసిరికొట్టింది.

"ముట్టుకోకు! మీ నాన్నని నానే సంపుకున్నాను. నిన్ను కూడా సంపుకోలేను!"

సత్యశ్రీ తల్లి ముందు చతికిలబడింది. అప్పుడు బయటపడింది పాతికేళ్ల నాటి మాట. పెళ్లైన రెండో ఏడు, అదే వీధి పోతమ్మ కొడుకు సరిహద్దులో చనిపోతే, మిలటరీ బండిలోంచి ముందు పెట్టె దిగింది, వెనకాల శవం. నెల తిరక్కుండా ఒక కూలీ తవిటయ్య పెట్టె తెచ్చి గుమ్మంలో దించి వెళ్లిపోయాడు. సెలవు మూడు రోజులు వెనక్కి జరిగిందని, సామాను తోటి సిపాయితో ముందు పంపాడని ఎవరికి తెలుసు?

"ఈ పెట్టె మీదే సేతులు బాదుకున్నాను. గాజులు పగలగొట్టుకుని బొట్టు తుడిసీసుకున్నాను. బతికున్న మనిసికి! ఆ పాపం ఊరికే పోద్దేటే?"

సత్యశ్రీ తల్లిని మెల్లగా పక్కన కూర్చోబెట్టి మూత ఎత్తింది. అడుగున ఉన్న గడ్డం సబ్బు డబ్బా తీసి తల్లి ఒళ్లో పెట్టింది. అందులో పగిలిన ఆకుపచ్చ గాజుల ముక్కలు.

"ఇవేటని చిన్నప్పుడు అడిగాను. 'నాను పోతే ఎవులేడుత్తారో నాకు ముందే తెలిసిపోనాది. ఇలాటి అదురుష్టం ఎవులికి దొరుకుద్ది?' అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. పాపమైతే ఇన్నేళ్లు మోసుకు తిరుగుతాడా అమ్మా?"

గౌరీశ్వరి డబ్బా గుండెకి అదుముకుని బావురుమంది. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆటో వచ్చింది. డబ్బా మళ్లీ పెట్టె అడుక్కే చేరింది. ఒక పిడి తల్లి, ఒక పిడి కూతురు పట్టుకున్నారు. మబ్బు ఇంకా కదల్లేదు. గేటు దగ్గర గౌరీశ్వరి కూతురి మణికట్టు బిగించి పట్టుకుంది.

"సెలవుకొచ్చినప్పుడు పెట్టె బయటే ఉంచాల. ముందు నువ్వు రావాల. ఇంటన్నావా?"

"ముందు నానే వత్తానమ్మా."

మలుపు దగ్గర సత్యశ్రీ వెనక్కి తిరిగి చూసింది. అమ్మ గేటు మూయలేదు.