రెండో కాలి కట్టు

సోమవారం ఉదయం 9.20.

"ఇది నా అకినామి కాదు" అన్నాడు బెన్‌హర్.

బహ్రెయిన్‌లో అమ్వాజ్ దీవుల్లోని ఆ టవర్‌లో 704వ ఫ్లాట్ అతనిది. గుంటూరువాడు. రాజధాని మనామాలో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గురువారం మధ్యాహ్నం సౌదీలోని అక్క ఇంటికి వెళ్ళి, ఈ ఉదయం ఏడింటికే తిరిగొచ్చాడు.

టవర్ సెక్యూరిటీ సూపర్‌వైజర్ రాజేంద్ర షెల్ఫ్ ముందు నిలబడ్డాడు. షెల్ఫ్ మీద జానెడు బొమ్మ.

జపాన్‌లో అకినామి అని ఒక రేసుగుర్రం ఉండేది. ఎడమ కాలు విరిగింది. ఏడాది తర్వాత మళ్ళీ ట్రాక్ ఎక్కింది. ఆ గుర్రాన్ని ఒక ఫోన్ గేమ్‌లో అమ్మాయిగా మార్చారు. గుర్రం చెవులు, గోధుమరంగు తోక, ఎడమ కాలికి తెల్లటి కట్టు. గేమ్ ఆడేవాళ్ళకి ఆ అమ్మాయంటే ప్రాణం. బెన్‌హర్‌కి మరీను.

"కట్టు ఒక్క కాలికే ఉండాలి. అదీ ప్లాస్టిక్ పోతలోనే ఉంటుంది" అన్నాడతను. "దీనికి చూడండి, రెండు కాళ్ళకీ గుడ్డ చుట్టారు! డూప్లికేట్ చేసినవాడికి ఆ గుర్రం కథ కూడా తెలీదు."

"స్టాండ్ అంచున 83 అని సీరియల్ నంబర్ ఉంది కదా సర్?"

"స్టాండ్ నాదే. అమ్మాయినే మార్చేశారు. ఆగండాగండి, ముట్టుకోవద్దు! ఫింగర్‌ప్రింట్స్ ఉంటాయి."

రాజేంద్ర చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఉంటాయి. తనవే ఉంటాయి.

గురువారం 3.36కి ఫైర్ సెన్సర్ చెక్ చేయడానికి మాస్టర్ కీతో ఈ ఫ్లాట్‌లోకి వచ్చాడు. ఒక్కడే. ఇద్దరు లేకుండా రాకూడదని కంపెనీ రూల్. అప్పుడే ఈ బొమ్మని చూశాడు. పైకెత్తి కట్టిన జుట్టు, కొంటె నవ్వు. అచ్చం తన భార్య స్వర్ణలాగే ఉంది. పెళ్ళయి మూడు నెలలు. స్వర్ణ బహ్రెయిన్ వచ్చి మూడు వారాలు. బాల్కనీలోంచి విమానాలు లెక్కపెట్టి, సాయంత్రం ఇంటికి రాగానే స్కోరు చెబుతుంది. బొమ్మని చేతిలోకి తీసుకుని ఫొటో తీశాడు. 'నీకో చెల్లెలు దొరికింది' అని పంపాడు. మళ్ళీ షెల్ఫ్ మీద పెట్టేశాడు. అంతే.

అంతేనా?

"క్లీనింగ్‌కి వచ్చే సత్యదుర్గ మీదే నా అనుమానం" అన్నాడు బెన్‌హర్. "సాయంత్రం ఆరు వరకు టైమిస్తున్నా. తేల్చకపోతే పోలీస్ కంప్లైంట్."

కేసు పడితే సత్యదుర్గ వీసా పోతుంది. విమానం ఎక్కించేస్తారు. మళ్ళీ గల్ఫ్ మొహం చూడదు. రాజోలులో ఆమె కూతురు నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది.

10.15. ఆఫీసులో కీ రిజిస్టర్ తెరిచాడు రాజేంద్ర.

శనివారం 9.00 నుంచి 12.10, సత్యదుర్గ. ఆదివారం 8.05 నుంచి 8.12, మళ్ళీ సత్యదుర్గ.

ఏడు నిమిషాలు. ఏడు నిమిషాల్లో ఏ ఇల్లు శుభ్రమవుతుంది?

ఆ పైలైన్లో తన సంతకం. పక్కన 'రెండో వ్యక్తి' కాలమ్ ఖాళీ. ఎవరి పేరైనా రాసేస్తే సరి. పెన్ను జేబులోనే ఉంది.

రిజిస్టర్ మూసేశాడు.

శనివారం అదే ఫ్లాట్‌కి వెళ్ళిన ఏసీ మెకానిక్ ఎలియేజరుని పిలిచాడు.

"ఎన్నింటికి వెళ్ళావు?"

"10.05కి సర్. ఫిల్టర్ కడగడానికి."

"షెల్ఫ్ మీద బొమ్మ ఉందా?"

"లేదు సర్. షెల్ఫ్ ఖాళీ. ఆంటీ కళ్ళు తుడుచుకుంటోంది. ఉల్లిపాయలేమో అనుకున్నా."

"క్లీనింగ్‌కి వచ్చినావిడ ఉల్లిపాయలెందుకు తరుగుతుందయ్యా?"

"నాకేం తెలుసు సర్, నేను ఏసీ మనిషిని."

11.00. సత్యదుర్గ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఇంకా మాప్ కర్ర ఉంది.

"ఆదివారం మీకు ఆ ఫ్లాట్‌లో డ్యూటీ లేదు కదమ్మా?"

"లేదండి."

"మరి తాళం ఎందుకు తీసుకున్నారు?"

"గుడ్డ మర్చిపోయానండి."

"శనివారం ఎందుకు ఏడ్చారు?"

ఆమె మాప్ కర్రని గోడకి ఆనించింది.

"బొమ్మ మార్చారా?"

"మార్చలేదు బాబూ. మా అమ్మాయి మీద ఒట్టు. దొంగతనం మాత్రం చెయ్యలేదు."

దొంగతనం మాత్రం. ఆ మాట దగ్గర రాజేంద్ర ఆగాడు. మరి ఏం చేసింది?

11.40. గేట్ సీసీటీవీ. శనివారం 12.20కి సత్యదుర్గ చేతి సంచీతో బయటికొచ్చింది. రోడ్డు పక్కన ఒక పికప్. వెనక గడ్డిమోపులు. సంచీ డ్రైవర్ చేతికిచ్చి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. రాజేంద్ర జూమ్ చేశాడు. డోర్ మీద గుర్రం బొమ్మ, ఒక ఫోన్ నంబర్.

2.15. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే చెప్పిన చోటు, ఎడారిలోని సఖీర్. ఎండకి ఇసుక తెల్లగా మెరుస్తోంది. గుర్రాల షెడ్డులో ఆ డ్రైవర్ దొరికాడు. పేరు రాజనర్సు, జగిత్యాల మనిషి. పొద్దున గడ్డి తేవడం, తర్వాత గుర్రాల సేవ.

"ముహర్రఖ్‌ల మాది ఒకటే కాంపౌండు సారూ. అక్క ఏడ్సుకుంట ఫోన్ జేసింది. గుర్రం కాలు ఇరిగింది, గుర్రాలు సూసేటోనివి నువ్వే గద, జర బాగుజెయ్ అన్నది. ఉరికి పోయిన. సంచిల జూస్తే బొమ్మ! నవ్వాల్నా, ఏడ్వాల్నా?"

"ఎలా విరిగింది?"

"వాక్యూం మిషిన్ తోలుతుంటే షెల్ఫ్ మీదికెల్లి పడ్డదట. ఎడమ కాలు రెండు తునకలు. గమ్ము పెట్టి అతికిచ్చిన. పైన పట్టీ కట్టిన."

"విరిగింది ఒక కాలే కదా. రెండో కాలికి ఎందుకు కట్టావు?"

రాజనర్సు అతన్ని జాలిగా చూశాడు. పక్క స్టాల్‌లోని నల్ల గుర్రాన్ని చూపించాడు. దాని ముందుకాళ్ళు రెండింటికీ తెల్ల పట్టీలున్నాయి.

"దీనికి దెబ్బ కుడికాలుకే సారూ. ఒక కాలు నొస్తే బరువంత మంచికాలు మీద పడతది. ఆఖరికి ఆ మంచికాలే కరాబైతది. గుర్రం పానం గట్లనే పోతది. అందుకే రెండిటికీ కడతం. పదకొండేండ్లసంది ఈ గల్ఫుల నాకిదే పని. బొమ్మ అని సేతికేం ఎర్క?"

రాజేంద్ర నవ్వాడు. కేసు తేలిపోయినట్టే.

"ఒక్క ముచ్చట సారూ" అన్నాడు రాజనర్సు. "ఆ స్టాండు మీద ఇనుప ముల్లు ఉన్నది. కుడి మడిమెకు బొక్క ఉన్నది. టక్కుమని దిగినంక ఎంత ఊపినా ఊడదు, నేను సూసిన. మిషిన్ అదురుకే పడ్డదంటే, ముందే ఎవడో పీకిండు. మళ్ళ సక్కగ పెట్టలే."

రాజేంద్ర నవ్వు ఆగిపోయింది.

గురువారం టక్కుమన్న చప్పుడు వినలేదు. వినాలని కూడా తెలియదు.

3.05. కారులో కూర్చున్నాడు. స్వర్ణ ఫోన్.

"తిన్నారా? బాక్సులో అడుగున జీడిపప్పులు దాచాను, కనిపెట్టారా?"

"ఇంకా లేదు."

"ఏం డిటెక్టివండీ బాబూ మీరు! ఇప్పటికి పద్నాలుగు విమానాలు."

ఉద్యోగం పోతే తన వీసా పోతుంది. దాంతోపాటే స్వర్ణ వీసా. ఆ బాల్కనీ, ఆ పద్నాలుగు విమానాలు.

"ఏంటండీ, మాట్లాడరు?"

"సాయంత్రం ఒక విషయం చెప్పాలి."

"మంచిదా?"

"కాదు."

5.30. ఫ్లాట్ 704. బెన్‌హర్ సోఫాలో కూర్చున్నాడు. సత్యదుర్గ గుమ్మం దగ్గర. రాజనర్సు ఆమె పక్కన, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని.

"సర్, రెండో కాలి కట్టు చూసి మీరు డూప్లికేట్ అన్నారు" మొదలుపెట్టాడు రాజేంద్ర. "డూప్లికేట్ చేసేవాడు ఫొటో చూసి చేస్తాడు. ఫొటోలో కట్టు ఒక కాలికే ఉంటుంది. లేని కట్టు ఎందుకు కడతాడు? నిజం గుర్రాల దగ్గర పనిచేసేవాడే మంచి కాలికీ కడతాడు. ఇది మీ అకినామే. శనివారం పడి కాలు విరిగింది. సత్యదుర్గగారు భయపడి రాజనర్సు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆదివారం తెచ్చి పెట్టేశారు."

సత్యదుర్గ ముఖం చెంగులో దాచుకుంది. "తప్పయిపోయిందండీ. మిషన్ తగల్లేదండీ, అయినా పడిపోయింది. చెప్తే పంపించేస్తారని..."

బెన్‌హర్ తల అడ్డంగా ఊపాడు. "మంచి కథ. కానీ విరిగింది నా బొమ్మేనని ప్రూఫ్ ఏది? విరిగిన డూప్లికేట్‌కి కట్టు కట్టి ఇచ్చారేమో! నా దగ్గర క్లోజప్ ఫొటో కూడా లేదు."

గోడ గడియారం 5.46.

ప్రూఫ్ ఒక్కటే ఉంది.

"నా దగ్గర ఉంది" అన్నాడు రాజేంద్ర.

ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు. తెర మీద అకినామి, పట్టుకున్న వేళ్ళతో సహా. ఎడమ చెవి వెనక, రంగు వేసేటప్పుడు పడ్డ నువ్వుగింజంత చుక్క. బెన్‌హర్ షెల్ఫ్ దగ్గరికెళ్ళి, వంగి, చెవి వెనక చూశాడు. అక్కడే ఉంది చుక్క.

ఫొటో కింద టైము: గురువారం, 3.44.

"అప్పుడు నేను దారిలో ఉన్నాను" అన్నాడు బెన్‌హర్ మెల్లగా. "ఈ వేళ్ళు ఎవరివి?"

"నావి. సెన్సర్ చెక్‌కి ఒక్కణ్ణే వచ్చాను. రూల్ ప్రకారం రాకూడదు. నా భార్యకి చూపించాలని బొమ్మని స్టాండ్ మీంచి లాగాను. తిరిగి పెట్టినప్పుడు మడమ ముల్లులోకి దిగలేదు. రెండు రోజులు ఊరికే నిలబడింది, అంతే. శనివారం నేల అదిరింది, పడిపోయింది. ఆవిడ తప్పేం లేదు."

బెన్‌హర్ ఫోన్‌ని రాజేంద్ర వైపు జరిపాడు.

"కంప్లైంట్ ఇవ్వను" అన్నాడు బెన్‌హర్ చివరికి. "ఈవిడ మీద. మీ సంగతి మాత్రం మేనేజర్‌కి చెప్పక తప్పదు."

"రేపు తొమ్మిదింటికి నేనే చెబుతాను సర్. మీరూ చెప్పండి."

కారిడార్‌లో సత్యదుర్గ అతనికంటే ముందు నడిచింది. రాజనర్సు లిఫ్ట్ బటన్ నొక్కి నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగింది. థాంక్స్ చెబుతుందనుకున్నాడు రాజేంద్ర.

"పొద్దున నన్ను కూర్చోబెట్టి అన్ని ప్రశ్నలేశారు కదా బాబూ. అప్పటికే మీ ఫోన్‌లో ఆ ఫొటో ఉందా?"

"ఉందమ్మా."

"ఒట్టేయించుకున్నారు నా చేత. నా కూతురు మీద."

"నేను అడగలేదు..."

"అడగక్కర్లేదండీ. మాలాంటోళ్ళు అడక్కుండానే వేసేస్తాం."

లిఫ్ట్ వచ్చింది. వాళ్ళిద్దరూ ఎక్కారు. ఇంకో మనిషికి చోటుంది. రాజనర్సు తలుపు పట్టుకుని ఆపాడు. "రా సారూ."

రాజేంద్ర మెట్ల వైపు నడిచాడు. ఏడు అంతస్తులు.