దిబ్బ తెరిచే రోజు

పొద్దున్నే కర్రపెండలం ఉడకేసి పెరట్లోకి వచ్చిన కాలీన్ అక్కడే ఆగిపోయింది. తల్లి సువాజారా తడిబట్టలతో కూర్చుని ఆక్టోపస్‌ను రాతి మీద బాదుతోంది. పక్కన ఇసుకలో ఆమె ఈటె గుచ్చి ఉంది.

"ఎక్కడిదమ్మా ఇది?"

"ఎక్కడిదేమిటే, దిబ్బ మీదిదే. సముద్రం ఎంత వెనక్కి పోయిందో చూశావా? మీరంతా మొద్దు నిద్దర్లో ఉన్నారు."

మడగాస్కర్ పడమటి తీరంలో ఆ పగడపు దిబ్బే ఊరికి అన్నం పెట్టేది. చేతికి దొరికేవన్నీ పిల్ల ఆక్టోపస్‌లే అయిపోయాక, అవి పెరిగేదాకా దిబ్బ మూసేద్దామని ఊరి ఆడవాళ్లను ఒప్పించింది కాలీనే. ఎవరైనా గీత దాటితే, తెరిచే రోజున ఆ ఇంటివాళ్లెవరూ దిబ్బ ఎక్కకూడదని పట్టుబట్టిందీ ఆమే. పాపం, సువాజారాకు నిన్నటి మాట ఇవాళ గుర్తుండదు. సముద్రపు పోటూ పాటూ మాత్రం మరిచిపోలేదు.

భర్త తూవు గొంతు తగ్గించాడు. "కూర వండేయ్. ఎవరూ చూడలేదు."

"రేపు ఇంకొకరు, మా అమ్మకీ మతి లేదంటారు. అప్పుడేం చెప్పను?"

"ఆ ఒక్క రోజు వేటతో ఎన్నాళ్ల బియ్యం వస్తాయో నీకు తెలీదా? పోనీ అది వదిలేయ్. గుర్తొచ్చినప్పుడల్లా తెరిచే రోజెప్పుడని అడుగుతోందే మీ అమ్మ. వచ్చే ఏడు అసలు నడవగలదా? కన్నకూతురివేనా నువ్వు?"

ఆ మాట సూటిగా తగిలింది. అయినా కాలీన్ ఆక్టోపస్‌ను బుట్టలో వేసుకుని పెద్దల దగ్గరికి వెళ్లింది. ముసలమ్మే కదా, పోనీలే అన్నారు వాళ్లు. ఆమె ఒప్పుకోలేదు.

తెరిచే రోజు వచ్చింది. పూర్వీకులకు రమ్ము పోసి దణ్ణం పెట్టగానే ఊరు ఊరంతా నవ్వుకుంటూ దిబ్బ మీదికి పరుగెత్తింది. తల్లీకూతుళ్లు ఒడ్డునే కూర్చున్నారు. సువాజారా ఒళ్లో ఈటె ఉంది.

"మనమెందుకు వెళ్లలేదే?"

"మనింట్లో ఒకరు కట్టుబాటు తప్పారమ్మా."

"ఎవరే? సిగ్గు లేదూ?"

కాలీన్ తల్లి ఒళ్లోని ఈటె వైపు చూసింది. "నేనేనమ్మా" అంది.

ముసలామె ఈటె పక్కన పెట్టి కూతురి చేయి పట్టుకుంది.

"ఏం పనే తల్లీ అది. సరేలే. నిన్నొక్కదాన్నీ వదిలేసి నేనెక్కడికి పోతాను? ఇక్కడే కూర్చుంటా."

కర్రపెండలం గిన్నెతో వచ్చి వెనక నిలబడ్డ తూవు ఇదంతా విన్నాడు. గిన్నె దించి భార్య పక్కన కూర్చున్నాడు. కాలీన్ తల్లి ఒళ్లో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.