పుంజు పెట్టిన పొడుగు ముద్దు

“ఈ పుంజు ముద్దు పెడుతోందా, పెట్టని మింగుతోందా?”

ఓపల్ బొమ్మల కట్టని లైల్ బల్ల మీద ఎత్తి పడేసింది. గీసేవాళ్ళ గదిలోకి ఆడపిల్లలు రాకూడదని ఆ కార్టూన్ సినిమాల స్టూడియో రూలు. బొమ్మ గీసేది మగాళ్ళు. దాన్ని సెల్యులాయిడ్ అనే పారదర్శకమైన రేకు మీదికి సిరాతో దించేది వెనక షెడ్డులో ఓపల్ లాంటి ఆడపిల్లలు. ఏ మొనగాడు పెట్టాడో ఆ రూలు! ఓపల్ దానికో దణ్ణం పెట్టేసి, సోమవారం రైలెక్కి న్యూయార్క్ పోతోంది. అక్కడో స్టూడియో ఆమె చేతికి పెన్సిలిస్తానంది.

ఆ పుంజునీ పెట్టనీ గీసింది లైలే. సిరా దిద్దడానికి ఆమె చేతిలోకి వెళ్తుందనే పెట్ట ఈకలన్నీ అంత ముద్దుగా గీశాడు. ఆ మాట చెప్పకుండా బొమ్మల కట్ట సర్దుకున్నాడు.

“పొడుగ్గా ఉంటే బాగుంటుందనీ...”

“నీకు ముద్దు సంగతి తెలిస్తేగా!”

మధ్యాహ్నం రికార్డింగు. తెర మీద బొమ్మ ఆడుతుంటే బ్యాండూ, అరుపులూ, చప్పుళ్ళూ అన్నీ కలిపి ఒకే దెబ్బకి పట్టాలి. ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటికే. పెట్టకి గొంతిచ్చే ఆవిడకి జలుబు. బ్యాండు నడిపే గ్రాస్‌మన్ వెళ్ళి ఓపల్‌ని పట్టుకొచ్చాడు.

“కొక్కొక్కో అనగలవా అమ్మాయ్?”

“మీ మగాళ్ళందరికన్నా బాగానే అంటాను.”

పుంజుకి గొంతిచ్చేది లైలే. ఉన్నది ఒకటే మైకు. చెంపకి చెంప ఆనేటట్టు నిలబడ్డారు. ముద్దు చప్పుడంటే ఎవరి చేతి మీద వాళ్ళు పెదాలు నొక్కి లాగడం. మొదటిసారి లైల్‌కి ఊపిరి చాల్లేదు, తెర మీద ముద్దు ఇంకా సాగుతూనే ఉంది. రెండోసారి ఓపల్‌కి నవ్వాగలేదు.

“ఎంత పొడుగు గీశావురా నాయనా!” గ్రాస్‌మన్ నెత్తి కొట్టుకున్నాడు.

లైల్ ఆమె చెవిలో గొణిగాడు. “నువ్వు వెళ్ళిపోతున్నావని తెలిసిన రోజు గీశాను. ముగించబుద్ధి కాలేదు.”

ఓపల్ నవ్వు ఆగిపోయింది. “అయితే వెళ్ళొద్దంటావా?”

“అనను. అక్కడ నువ్వు గీస్తావు. నన్నూ తీసుకెళ్ళమంటాను.”

బ్యాండు అందుకుంది. తెర మీద పుంజు మెడ చాచింది. లైల్ చెయ్యెత్తాడు. ఓపల్ ఆ చేతిని కిందికి నెట్టేసి, అతని పెదాలే అందుకుంది.

బొమ్మలో ముద్దు అయిపోయింది. బ్యాండూ ఆగింది. హాల్లో చీమ చిటుక్కుమనలేదు.

“చప్పుడేదీ?” గ్రాస్‌మన్ బ్యాండు నడిపే పుల్ల విసిరికొట్టాడు.

“నిజం ముద్దుకి చప్పుడుండదు సార్,” అంది ఓపల్, బుగ్గలు కందిపోయి.

“మళ్ళీ మొదటినుంచీ! ఈసారి చేతి మీద!”

“తొందరగా కానివ్వండి సార్,” అన్నాడు లైల్. “నేను రైలు టికెట్టు కొనుక్కోవాలి.”