ఆకుపచ్చ స్వెటర్ రెండో చెయ్యి

"ఈ గుండీలకి కన్నాలు పెట్టింది మీరేనా?"

తలెత్తి చూశాను. మనిషి చూడ్డానికి చక్కగానే ఉంది. అడిగిన తీరు మాత్రం పోలీసు తీరు. ఒక చేతిలో నేను చేసిన చెక్క గుండీ, ఇంకో చేతిలో లావుపాటి సూది.

"నేనేనండీ," అన్నాను కాస్త గర్వంగానే. పొద్దుటి నుంచీ ఆ చేతిపనుల ఫెయిర్‌లో నా టేబుల్ దగ్గర పొగడ్తలే విన్నాను మరి.

"అయితే ఈ సూది ఇందులోంచి దూర్చండి."

దూర్చబోయాను. దూరలేదు. గుండీ తిప్పి రెండోవైపు నుంచి ప్రయత్నించాను. కన్నం ఎటునుంచి చూసినా అంతే ఉంటుందన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు.

"స్వెటర్ గుండీలని బోర్డు పెట్టారు. స్వెటర్‌కి గుండీ ఉన్నితో కుడతాం. ఉన్నికి సూది ఇంత ఉండాలి," అంది.

"సన్న సూది వాడొచ్చు కదండీ."

"దాంట్లో ఉన్ని ఎక్కదు."

గుండీ, సూదీ ఆమెకి తిరిగి ఇచ్చేశాను.

"చూడ్డానికి ముద్దొస్తున్నాయి. ఏం లాభం," అని గుండీ నా ముందు పెట్టి, పక్క టేబుల్ వెనక్కి వెళ్ళి కూర్చుంది. పక్క టేబులే. స్వెటర్లూ టోపీలూ పేర్చుకుని పొద్దుటి నుంచీ అక్కడే ఉంది, నేనే చూసుకోలేదు.

నేను వారమంతా ఒక కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంటాను. సెలవు దొరికితే ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ మిషన్ పెట్టుకుని చెక్క గుండీలు చేస్తాను. ఎందుకని అడక్కండి. మా అమ్మ అడిగి అడిగి విసిగిపోయింది. పోగుపడిన గుండీలు డబ్బాలో పోసుకుని క్రాఫ్ట్ ఫెయిర్లకి తిరుగుతుంటాను. అక్కడ సరుకును బట్టే పిలుపులు. కొవ్వొత్తులాయన, సబ్బులావిడ. నేను గుండీలబ్బాయిని. ఆ రోజు నుంచి ఆమె నాకు స్వెటరమ్మాయి.

మరుసటి ఫెయిర్‌కి కన్నాలన్నీ పెద్ద డ్రిల్లు బిట్టుతో మళ్ళీ తొలిచి తీసుకెళ్ళాను. తొలుస్తుంటే సగం గుండీలు రెండు ముక్కలయ్యాయి, అది వేరే సంగతి. మిగిలినవి ఆమె ముందు పోశాను. సూది తీసి దూర్చింది. సాఫీగా దిగింది. నా మొహం చూసి నవ్వింది.

అంతే, నా పనైపోయింది.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుందని వాళ్ళ పెద్దమ్మ చెప్పింది. ఈ పెద్దమ్మగారు లెక్కల టీచరుగా రిటైరై, కూతురి వరస పిల్లతో ఫెయిర్లకి వచ్చి, మడత కుర్చీలో కూర్చుని, చేతుల వంక చూడకుండా అల్లుతూ ఆగకుండా మాట్లాడుతుంది. ఆమె ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఊ కొట్టడం తప్ప వేరే దారి లేదు.

తర్వాత మా టేబుళ్ళు ప్రతిసారీ పక్కపక్కనే పడుతూ వచ్చాయి. ఎలా పడుతున్నాయని నేను అడగలేదు. నిర్వాహకుడికి నేను రెండు డజన్ల గుండీలు ఊరికే ఇచ్చిన మాట నిజమే.

ఒకరోజు లైబ్రరీ మేడమీద హాల్లో ఫెయిర్. మధ్యాహ్నం జనం పల్చబడ్డారు.

"కాస్త లేచి నిలబడతారా? వెనక్కి తిరగండి," అంది.

తిరిగాను. వీపు మీద ఏదో మెత్తగా పరిచింది. ఆకుపచ్చ ఉన్ని.

"గాలి పీల్చి బిగపట్టండి."

బిగపట్టాను.

"ఊఁ. వదలండి."

"ఇప్పుడు ఎక్స్‌రే తీశారా?"

"అలవాటు," అని నవ్వాపుకుంది. "ఒకాయనకి స్వెటర్ అల్లుతున్నాను. ఒడ్డూ పొడుగూ మీలాగే ఉంటాడు."

మొహం మామూలుగా పెట్టడానికి నానా తంటాలు పడ్డాను.

"ఏం చేస్తుంటాడు ఆయన?"

"ఏమీ చెయ్యడు. అదే బాధ."

"ఉద్యోగం లేదా?"

"ఉద్యోగం ఉంది. నోట్లో నాలుకే లేదు."

"అలాంటివాడికి స్వెటర్ దేనికండీ?"

"ఇంత సన్న కుట్టు ఇష్టం లేకపోతే ఎవరైనా అల్లుతారా?" అని నా వంక ఒక చూపు చూసి, తల వంచుకుని అల్లికలో పడిపోయింది.

మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. సాయంత్రం గుండీల డబ్బా మోసుకుంటూ ఆ నోరు లేని మహానుభావుడిని బస్టాపు దాకా తిట్టుకుంటూ వెళ్ళాను.

ఆ ఆకుపచ్చ స్వెటర్ చకచకా పెరిగింది. వీపు, రొమ్ము, కాలరు, ఒక చెయ్యి అయిపోయాయి. రెండో చెయ్యి దగ్గర వచ్చింది చిక్కు. ఒక ఫెయిర్‌లో మోచేతి దాకా ఉంటుంది. మరుసటి ఫెయిర్‌కి చూస్తే భుజం దగ్గరే ఉంటుంది. ఓసారి మణికట్టు దాకా వచ్చేసింది. నా కళ్ళ ముందే కూర్చుని అంతా విప్పేసి, ఉన్నిని ఉండగా చుట్టుకుంది.

"తప్పు పడిందా?" అన్నాను.

"లేదు. బాగానే వచ్చింది."

"మరెందుకు విప్పారు?"

"మీకు తెలీదా?" అంది. గొంతులో ఏదో అలక.

ఆయనగారితో గొడవపడి ఉంటుందనుకున్నాను. గొడవపడినప్పుడల్లా విప్పుతోంది, కలిసినప్పుడల్లా అల్లుతోంది. నాలాంటి తెలివైనవాడికి ఆ మాత్రం లెక్క కట్టడం ఒక పనా?

ఆ రోజే పెద్దమ్మగారు నన్ను కూర్చోబెట్టి ఏదో పెద్ద కథ చెప్పింది. స్వెటరమ్మాయి స్టూలెక్కి మా టేబుళ్ళ మీద గుడ్డ బ్యానరు కడుతోంది. చేతికి ముడి అందక మునివేళ్ళ మీద నిలబడింది. పళ్ళ మధ్య తాడు. చెంప మీద జుట్టు పడుతుంటే ఉఫ్ అని ఊదుకుంటోంది. నేను ఊ, ఊ అంటూనే ఉన్నాను.

"విన్నావుగా బాబూ, అదీ సంగతి," అంది చివర్లో పెద్దమ్మగారు.

"విన్నానండీ," అన్నాను.

వర్షాల్లో ఒక ఫెయిర్ పార్కులో టెంటు వేసి పెట్టారు. పొద్దుటి నుంచీ ఒకటే ముసురు. టెంటు పైగుడ్డ నీళ్ళు నిండి కిందికి వేలాడుతుంటే కొవ్వొత్తులాయన చీపురు కర్రతో పైకి పొడుస్తున్నాడు. కొనేవాళ్ళు లేరు. పెద్దమ్మగారు సబ్బులావిడ దగ్గర కబుర్లలో ఉంది.

నేను ఆ రోజు ఒక నిర్ణయం తీసుకుని వెళ్ళాను. ఆ స్వెటర్‌కి సరిపడా గుండీలు నల్లచెక్కతో చేశాను. అంత నున్నగా నా జన్మలో ఇంకేవీ చెయ్యలేదు. అవి ఆమె చేతిలో పెట్టి, ఇక ఫెయిర్ల జోలికి రాకూడదనుకున్నాను. ఇంకొకరి మనిషి పక్కన కూర్చుని ఆదివారాలన్నీ ఆశగా గడపడం నా వల్ల కాలేదు.

"ఇవి ఆ స్వెటర్‌కి," అని పొట్లం ఇచ్చాను.

విప్పి చూసింది. కళ్ళు మెరిశాయి. "ఎంత బాగున్నాయో," అంది, ఒక్కోదాన్నీ బొటనవేలితో తడుముతూ.

"ఇంక నాన్చకండి. చెయ్యి అల్లి పూర్తి చేసెయ్యండి."

బొటనవేలు ఆగిపోయింది. "ఏమన్నారు?"

"పూర్తి చేసెయ్యమన్నాను."

"పెద్దమ్మ మీకు అంతా చెప్పింది కదా?"

వినలేదని చెబితే ఏం బాగుంటుంది? ఆయన సంగతే అయ్యుంటుందిలే అనుకున్నాను. "చెప్పారు."

"అంతా తెలిసే పూర్తి చెయ్యమంటున్నారా?"

"తెలిసే. అదే అందరికీ మంచిది."

నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"సరే," అంది. గుండీలు సంచిలో వేసుకుంది. సాయంత్రం టేబుల్ మడవడానికి సాయం వెళ్ళబోతే, వద్దంది.

ఆ తర్వాత ఫెయిర్‌కి నేను వెళ్ళలేదు. లేత్ మీద గుడ్డ కప్పేశాను. అన్నం సయించడం లేదని అమ్మ జ్వరం చూసింది. జ్వరం ఉన్నా బాగుండేది, మందు వేసుకుంటే తగ్గుతుంది కదా.

టౌన్‌హాల్లో చేతిపనుల ప్రదర్శన జరుగుతున్న రోజు కావాలనే షాపులో డ్యూటీ వేయించుకున్నాను. టౌన్‌హాలు మా షాపుకి రెండు వీధుల అవతలే. కిటికీలోంచి అటు చూడకూడదని ఒట్టు పెట్టుకుని, చూస్తూనే ఉన్నాను. ఇంతలో తలుపు తోసుకుని పెద్దమ్మగారు వచ్చింది. కళ్ళజోడు తీసి నా ముందు పెట్టింది.

"ముక్కు మీద నిలవడం లేదు. చూడు బాబూ."

మరలు బిగిస్తుంటే, సంచిలోంచి ఒక పొట్లం తీసి కౌంటరు మీదికి తోసింది. ఆకుపచ్చ ఉన్ని. నా నల్ల గుండీలు.

"పూర్తయింది. తీసుకో. నువ్వే అడిగావుటగా."

"నాకెందుకండీ? ఆయనకి కదా."

"ఏ ఆయన?"

"అదే, ఆ ఒకాయన. ఒడ్డూ పొడుగూ నాలాగే ఉంటాడట. నోట్లో నాలుక లేదట."

పెద్దమ్మగారు కళ్ళజోడు లేని కళ్ళతో నన్ను పరీక్షగా చూసింది. "కళ్ళద్దాలు బిగించే షాపులో ఇలాంటివాడు ఎలా దొరికాడయ్యా నీ ఓనరుకి," అంది. "ఆ ఒకాయన నువ్వేరా నాయనా."

చేతిలోంచి మర కింద పడింది. వెతకలేదు.

"మరి అన్నిసార్లు విప్పడం ఎందుకు?"

"కథంతా చెప్పాను, ఊ కొట్టావు."

"వినలేదండీ," అన్నాను. ఇంక దాచి లాభం లేదు. "మీరు చెబుతుంటే నేను ఆమెను చూస్తున్నాను. బ్యానరు కడుతోంది."

పెద్దమ్మగారు కాసేపు నవ్వి, కుర్చీ లాక్కుని మళ్ళీ చెప్పింది. ఈసారి ప్రతి మాటా విన్నాను. వయసులో ఉండగా పెద్దమ్మగారు తనకి నచ్చిన ఒకాయనకి స్వెటర్ అల్లి ఇచ్చింది. అతనికి బదిలీ అయింది, ఉత్తరం కూడా లేదు. ఇంకొకాయనకి అల్లింది. అతను ఆమె స్నేహితురాల్నే చేసుకున్నాడు, పెళ్ళికి ఆ స్వెటరే వేసుకున్నాడట. పెళ్ళి మాట కుదరకముందు మగవాడికి స్వెటర్ అల్లి పూర్తిచేస్తే ఆ మనిషి మనకి దక్కడని అప్పటి నుంచీ ఆమె నమ్మకం. స్వెటరమ్మాయి ఆ మాట వింటూ పెరిగింది.

"నువ్వు పెళ్ళి మాట అడుగుతావేమోనని విప్పుతూ, అల్లుతూ కూర్చుంది. నువ్వేమో పూర్తి చెయ్యమన్నావు. నువ్వు నాకు అక్కర్లేదని దానితో అన్నట్టే కదా," అంది పెద్దమ్మగారు.

కళ్ళజోడు జేబులో పెట్టి స్వెటర్ తొడుక్కున్నాను. ఒక చెయ్యి కొలత పెట్టినట్టు సరిపోయింది. రెండో చేతిలోకి చెయ్యి దూర్చాను. దూరుతూనే ఉంది. నా వేళ్ళు బయటికి రాలేదు. చూస్తే అది మోకాలి దాకా వేలాడుతోంది.

"అదేమిటండీ ఇది?"

"ముగించలేకపోయింది. మణికట్టు దాటినా అల్లుతూనే ఉంది. చివరికి నేనే లాక్కుని కుట్లు ముగించాను."

ఆ మాటతో నేను షాపులో లేను. ఓనరు ఏదో అరిచాడు. సన్నగా వాన పడుతోంది. ఒక చెయ్యి మామూలుగా, ఇంకో చెయ్యి ఏనుగు తొండంలా ఉన్న మనిషి పరిగెడుతుంటే వీధిలో జనం దారి ఇచ్చారు.

టౌన్‌హాల్లో ఆమె ఒక్కతే టేబుల్ వెనక కూర్చుని ఉంది. పక్క టేబుల్ ఖాళీగా ఉంది. నన్ను చూసి లేచింది, ముందు స్వెటర్ వంక, తర్వాత నా మొహం వంక చూసింది.

"ముట్టింది కదా. చెప్పి వెళ్ళడానికి రానక్కర్లేదు," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వెళ్ళడానికి రాలేదు. కంప్లయింటు ఇవ్వడానికొచ్చాను."

"ఏం కంప్లయింటు?"

వేలాడే చెయ్యి ఎత్తి చూపించాను. "ఇది కొలతకి రాలేదు. కొలతకి రానిదాన్ని పూర్తయిందంటే నేను ఒప్పుకోను. మళ్ళీ విప్పి అల్లాలి."

ఆమె పెదవి కదిలింది. నవ్వా, ఏడుపా తెలియలేదు.

"ఎప్పటికి కావాలి?"

"పెళ్ళయ్యాక, తీరిగ్గా." గాలి పీల్చుకున్నాను. "నన్ను చేసుకుంటారా? పెద్దమ్మగారు చెప్పిన కథ ఆ రోజు నేను వినలేదు. మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. ఆ ఒకాయన్ని ఇన్నాళ్ళూ ఎంత తిట్టుకున్నానో మీకు తెలీదు. మీరంటే నాకు ప్రాణం."

"ఈ మాట కోసం ఎంత ఉన్ని పాడు చేశానో," అంది. టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి, వేలాడే చేతి కొస పట్టుకుని, ఎంత పొడుగైందో చూడబోతున్నట్టు తన చెయ్యి మెల్లగా లోపలికి పోనిచ్చింది. లోపల వెచ్చగా ఉంది. ఆమె వేళ్ళు నా వేళ్ళని అందుకుని గట్టిగా పట్టుకున్నాయి.

"చేసుకుంటాను," అంది.

అప్పుడే ఆయాసపడుతూ పెద్దమ్మగారు వచ్చింది, దారిలో ఒక కుర్చీకి క్షమాపణ చెప్పి. ఆమె కళ్ళజోడు ఇంకా నా జేబులోనే ఉంది.

"ఎక్కడున్నారర్రా? ఏమంటాడు వీడు? ఆ చెయ్యి విప్పమంటాడా? మరీ పొడుగైందా?" అంటూ తడుముకుంటూ వచ్చి స్వెటర్ చెయ్యి పట్టుకుంది. భుజం దగ్గర నుంచి నొక్కి చూసుకుంటూ కిందికి వచ్చింది. మోచెయ్యి దాటింది. మణికట్టు దాటింది. ఆగి, మళ్ళీ నొక్కి చూసింది.

"ఇందులో చేతులు రెండున్నాయేమిటి?" అంది.

మేమిద్దరం చేతులు తీసుకోలేదు.

పెద్దమ్మగారు ఆ ఉన్నిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఒకసారి నిమిరింది.

"సరిగ్గానే వచ్చింది," అంది చివరికి. "విప్పక్కర్లేదులే."