సంతకి ఉత్తుత్తి మొగుడు

"అనుకోని ఖర్చులు అంటే ఏంటండీ?" అంది ఆమె, నేను రాసిచ్చిన బడ్జెట్ కాయితం మీద వేలు పెట్టి.

"అంటే... అనుకోకుండా వచ్చి పడేవి."

"మీరు ముందే అనుకుని రాశారుగా. ఇంక అనుకోనివి ఎలా అవుతాయి?"

ఆమె పెన్ను తీసి ఆ లైను కొట్టేసింది.

నాకు భయాలు ఎక్కువ. లిఫ్టంటే భయం, కుక్కంటే భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఏమైందోనని ఇంకా భయం. వీటన్నిటికీ మించి ఆమె ఎడమ కనుబొమ అంటే భయం. అది పైకి లేచిందంటే ఎవరికో మూడినట్టే. ఆ శనివారం పొద్దుటి నుంచి అది కిందికి దిగలేదు.

ఆమె పాత సామాన్ల షాపు ఓనరుగారి అమ్మాయి. నేను వాళ్ల లెక్కలు చూసే ఆడిటరుగారి ఆఫీసులో గుమాస్తాని. ఆమె నన్ను పేరు పెట్టి పిలవదు. "ఏవండీ లెక్కలూ" అంటుంది. నేనైతే అసలు పిలవను. ఆమె ఇటు తిరిగేదాకా నిలబడతాను.

ఏడాదికోసారి జరిగే పెద్ద యాంటిక్స్ సంత దగ్గర పడింది. ఎప్పుడూ ఓనరుగారే వెళ్లేవారు. ఈసారి ఆయనకి కంటి ఆపరేషన్ అయింది, దుమ్ములోకి వెళ్లకూడదన్నారు. అంచేత ఆమె వెళ్లాలి. వెళ్లడం పెద్ద విషయం కాదు. గత రెండేళ్లు ఎక్కువ ధరలకి సరుకు కొని షాపు బాగా నష్టపోయింది. ఈసారి కూడా నష్టమొస్తే షాపుని ఆమె పెదనాన్నకి ఇచ్చేస్తానని ఓనరుగారు మాటిచ్చేశారు. ఆయన దాన్ని సెల్‌ఫోన్ల షోరూమ్ చేస్తాడు.

ఇంకో దెబ్బ తగిలితే షాపు తట్టుకోలేదని లెక్క తేల్చి చెప్పింది నేనే. కనుబొమ దిగకపోవడానికి కారణం అదీ.

"మీరు పెదనాన్న మనిషా?" అని ఆమె అనలేదు గానీ, చూపు మాత్రం అదే అంటోంది. ఆ షాపు పోతే నాకు శనివారాలు ఉండవని, శనివారాలు లేకపోతే నాకు వారమే ఉండదని ఆమెకేం తెలుసు?

"లాడ్జి ఖర్చు వెయ్యలేదేం?" అంది.

"తెల్లారకుండా బయల్దేరితే రాత్రికి వచ్చేయొచ్చండీ. పొదుపు."

"పొదుపా, భయమా?"

"రెండూనండీ."

మొదటిసారి ఆమె నవ్వాపుకుంది. లోపల్నుంచి ఓనరుగారు, కంటికి నల్లద్దాలతో, గోడ పట్టుకుంటూ వచ్చారు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ తల్లీ, సణిగేవాళ్లేరీ?"

ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. ఆమె వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ సంతకి భార్యాభర్తలిద్దరూ వెళ్లేవారట. ఆయన ఓ వస్తువు మీద మనసు పడ్డట్టు నిలబడితే, ఆవిడ పక్కన చేరి "ఎందుకీ చెత్త, ఇంట్లో చోటెక్కడుంది?" అని సణిగేదట. బేరం ఎక్కడ పోతుందోనని అమ్మేవాడు ధర తగ్గించేవాడట. ఆవిడ పోయాక సణిగేవాళ్లు లేక, ఆయన చెప్పిన ధరకల్లా కొనేసి నష్టపోయారు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నాన్నా, ఖర్చంటే నిజంగానే వణికే మనిషి మన ఎదురుగానే ఉన్నాడు. మొగుడి వేషం వేయిద్దాం."

ఓనరుగారు హాయిగా నవ్వేశారు.

"మంచిదే. డబ్బు సంచీ కూడా అతని దగ్గరే ఉంచు."

మర్నాడు షాపులో రిహార్సల్. ఓ పాత కుర్చీని మధ్యలో పెట్టి ఆమె దాన్ని మురిపెంగా చూస్తోంది. నేను సణగాలి.

"ఎందుకండీ ఇది..." అన్నాను.

"పెళ్లాన్ని ఎవరైనా అండీ అంటారా?"

"ఎందుకు... నీకు... ఇది?"

"వాడికి వినిపించాలి. కుర్చీకి కాదు."

"ఎందుకిది? ఇంట్లో ఉన్నవి చాలవా!"

"అదీ! ఇంకోటి. ఇలాంటివి పక్క టెంటులో పది ఉన్నాయి అనండి. చూసినా చూడకపోయినా అనెయ్యండి. వాడు హడలిపోతాడు." ఆమె వేలు చూపించింది. "ఒకటి గుర్తుపెట్టుకోండి. మీరు ఎంత మొత్తుకున్నా నేను వినను. మీరూ ఆపకూడదు. మీరెంత గట్టిగా వద్దంటే నాకంత తక్కువకి వస్తుంది."

అలాగేనన్నాను. ఆమె ఏం చెప్పినా అలాగే అనడం నాకు అలవాటు.

సంత రోజు తెల్లారకుండా షాపు వ్యానులో, డ్రైవరుతో బయల్దేరి వెళ్లాం. కంటికి ఆనినంత మేరా టెంట్లే. గడియారాలు, గ్రామఫోన్లు, విరిగిన దేవదూతల బొమ్మలు, ఎవరివో తెలియని పెళ్లి ఫొటోలు. జనం తోసుకుంటున్నారు. షాపు బతుకంతా నా చొక్కా కింద నడుముకి కట్టి ఉంది. నేను రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, కడుపునొప్పి వచ్చినవాడిలా నడిచాను. పైన మబ్బు పడుతోంది.

మొదటి టెంటులో ఇత్తడి దీపాల జత. నేను సణిగాను. గొంతు వణికింది, అదే కలిసొచ్చింది. ధర దిగింది. రెండో చోట నిలువుటద్దం. "ఇలాంటివి పక్క టెంటులో పది ఉన్నాయి!" అని అరిచేశాను. అమ్మేవాడు హడలిపోయి సగానికి సగం తగ్గించాడు.

అద్దంలోంచి ఆమె నన్ను చూసి కన్ను గీటింది. ఆ తర్వాత కాసేపు నేను ఎక్కడున్నానో నాకు తెలియలేదు. దీపాలూ అద్దమూ వ్యానులో పెట్టి వచ్చాం.

అప్పుడు కనిపించింది మందుల బీరువా.

మనిషంత ఎత్తు. నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కోదానికి ఇత్తడి పిడి. ఆమె ఓ సొరుగు లాగింది. లోపల మూలగా పాతబడిన నీలం సిరా మరక, చిన్నపిల్లల అరచేయంత. ఆమె దాన్ని వేలితో తడిమింది. ఈసారి మురిపెం నటించట్లేదని నాకు అర్థమైపోయింది.

"మూడు తరాల డాక్టర్ల ఇంట్లోదమ్మా," అన్నాడు అమ్మేవాడు. భారీ మనిషి, సన్నటి గొంతు. "ఆ మరక పెద్ద డాక్టరుగారి చేతి మీదుగా పడిందే."

అతను చెప్పిన ధర నా సంచిలో ఉన్నదంతా కలిపినా సరిపోదు. నేను సణగడం మొదలుపెట్టాను. ఇంతలో టపటపా చినుకులు. ఇంకాస్త గట్టిగా పడేసరికి జనమంతా టెంట్లలోకి దూరారు. నాకు చోటు చాలక టెంటు వెనక్కి వెళ్లి, అక్కడున్న లారీ పక్కన నక్కాను. గాలికి లారీ మీది టార్పాలిన్ లేచింది.

లోపల అలాంటివే బీరువాలు, వరసగా. అదే ఎత్తు, అవే పిడులు. చెయ్యి చాపి ఓ సొరుగు లాగాను. మూలగా నీలం సిరా మరక. పక్క బీరువాలో అదే సొరుగు లాగాను. అక్కడా అదే మరక, అంతే నీలం.

"ఏం కావాలి?" అంది వెనక నుంచి ఓ గొంతు.

చేతిలో ఇనప కడ్డీతో ఓ మనిషి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"బా... బాత్రూమ్."

"సొరుగులోనా?"

పరిగెత్తాను. అతనూ వెనకే వచ్చాడు.

టెంటులో బేరం జోరుగా సాగుతోంది. నేను ఆమె పక్కన చేరి, ఆయాసపడుతూ, "వద్దు. ఇది కొనొద్దు," అన్నాను.

ఆమె కళ్లు మెరిశాయి. బాగా చేస్తున్నావన్నట్టు చిన్నగా తలాడించింది.

"నిజంగా వద్దు! లారీలో ఇలాంటివి బోలెడున్నాయి. అన్నిట్లో అదే మరక!"

"మా ఆయన ఇంతేనండీ," అంది ఆమె అమ్మేవాడితో, నవ్వుతూ. "ఎక్కడికెళ్లినా ఇదే పాట. పక్క టెంటులో పది ఉన్నాయంటారు."

అమ్మేవాడు మాత్రం నవ్వలేదు. నా వైపు చూసి, నా వెనక ఉన్నవాడి వైపు చూసి, ధర బాగా దించేశాడు. నా భుజం మీద ఓ బరువైన చెయ్యి పడింది.

"సార్ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి," అంది చెవి పక్కన గొంతు.

నేను మొత్తుకున్న కొద్దీ ధర దిగుతోంది. ధర దిగిన కొద్దీ ఆమె మొహం వెలిగిపోతోంది. చివరికి అతను చెప్పిన ధర సరిగ్గా నా సంచిలో ఉన్నంతకి వచ్చింది.

"ఇక డబ్బివ్వండి," అంది ఆమె.

నేను సంచిని రెండు చేతులతో పట్టేసుకున్నాను.

ఆమె దగ్గరికొచ్చి గుసగుసగా, "చాలు, ఇంక ఆపండి. ఓవర్ చేస్తున్నారు," అంది. కనుబొమ లేచింది.

ఆ క్షణం నాకు అన్నీ కనిపించాయి. అద్దాల తలుపుల వెనక వరసగా సెల్‌ఫోన్లు. పాత కుర్చీలన్నీ వీధిలో. ఎక్కడో ఇంకో ఊళ్లో, ఇంకెవరి కౌంటరు దగ్గరో, కనుబొమ దించేసుకుని కూర్చున్న ఆమె. భుజం మీది చెయ్యి కంటే, ఇనప కడ్డీ కంటే నాకు అదే ఎక్కువ భయం వేసింది.

"నేను ఈవిడ మొగుణ్ణి కాదు!" అని అరిచాను.

అమ్మేవాడు నోరు తెరిచాడు. ఆమె మొహం పాలిపోయింది.

"ఏమంటున్నారు మీరు?"

"నిజం చెప్తున్నానండీ. నేను లెక్కల గుమాస్తాని. మీ షాపు లెక్కలు నెలకోసారి చూస్తే చాలు. ఆఫీసువాళ్లు నెలకోసారే పంపుతారు. మిగతా శనివారాలన్నీ నా అంతట నేనే వస్తున్నాను. నాలుగేళ్లుగా. మీరు కనిపిస్తారని." నేను ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. "మీరంటే నాకు ఇష్టం. చెప్తే ఇంకెప్పుడూ రానివ్వరని చచ్చేంత భయం. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. ఇదంతా ఎంత నిజమో ఆ లారీ కూడా అంత నిజం. తర్వాత నన్ను గుమ్మం ఎక్కనివ్వకపోయినా ఫరవాలేదు. ఒక్కసారి వెళ్లి చూడండి."

పక్కనే పింగాణీ పళ్లాలు అమ్మే పెద్దావిడ చేతిలో పళ్లెం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"వెళ్లి చూడమ్మా," అంది మెల్లగా. "ఈ మొహం నటించే మొహం కాదు."

ఆమె సొరుగు మీంచి చెయ్యి తీసింది. అమ్మేవాడు "మేడం, వానలో ఎందుకు..." అంటూ అడ్డం రాబోయాడు. ఆమె వాణ్ణి తప్పించుకుని వానలోకి నడిచింది. వెనక పళ్లాల ఆవిడ, ఆ వెనక జనం. ఇనప కడ్డీవాడు అంతమందిని చూసి ఎటో జారుకున్నాడు. నేను మాత్రం సంచి పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

లారీ దగ్గర సొరుగులు తీస్తున్న చప్పుడు వినిపించింది. ఒకటి. ఇంకొకటి. తర్వాత జనం ఘొల్లున నవ్వారు.

ఆమె జుట్టంతా తడిసి తిరిగొచ్చింది.

"పదండి," అంది, అంతే.

వ్యానులో డ్రైవరు పక్కన నేను, నా పక్కన ఆమె. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఏ మలుపులో దిగిపొమ్మంటుందోనని నేను ప్రతి మలుపూ చూస్తున్నాను. దారంతా ఆమె కిటికీలోంచి వాననే చూసింది. షాపు వీధి మలుపు తిరిగాక అడిగింది.

"ఎండాకాలం కూడా వచ్చేవారు కదా? రోడ్డు మీద పిట్ట మనిషి లేనప్పుడు?"

"వచ్చేవాణ్ణండీ."

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది. అది మంచికో చెడుకో నాకు బోధపడలేదు.

ఓనరుగారు మెలకువగానే ఉన్నారు. దీపాలు తడిమి చూశారు, అద్దం చట్రం మీద వేలితో కొట్టి చూశారు. ఆమె అన్నీ చెప్పింది. బీరువా, మరక, లారీ. తర్వాత కాస్త ఆగి, నేను అరిచింది కూడా చెప్పింది. ఒక్క మాట దాచలేదు. నేను గోడకి అతుక్కుపోయాను.

"రేపు అన్నయ్యకి ఫోన్ చేస్తాను," అన్నారు ఆయన. "షాపు ఇవ్వనని. కళ్ల ముందు నచ్చింది వదులుకుని డబ్బు వెనక్కి తెచ్చావంటే, ఇంక నువ్వు నడపగలవు."

ఆమె గభాలున తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆమె ఏడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఇక నీ సంగతేంటయ్యా?" అని ఆయన నల్లద్దాలు నా వైపు తిప్పారు. "మీ ఆఫీసు నాకు పంపే బిల్లు నెలకోసారిదే. మిగతా వారాలు ఎందుకు వస్తున్నావో తెలియనంత అమాయకుణ్ణనుకున్నావా? నువ్వు ఎప్పుడు నోరు తెరుస్తావా అని నాలుగేళ్లుగా చూస్తున్నాను. తెరవక తెరవక సంతలో, ఊరందరి ముందూ తెరిచావు."

"క్షమించండి సార్."

"నన్నెందుకు అడుగుతావు? నాకు ఇష్టమే. అమ్మాయినడుగు."

నేను ఆమె వైపు తిరిగాను. కనుబొమ ఎక్కడుందో చూసే ధైర్యం లేక, తడి చెంగు వైపు చూశాను. ఏమడగాలో అన్నీ మర్చిపోయాను. నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"చాలా భయంగా ఉందండీ."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఎవరికీ ఎప్పుడూ తలవంచని మనిషి, ఎంతటి అమ్మకందారు ముందైనా తొణకని మనిషి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది.

"నాకూ," అంది.